క్లబ్బులో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, పిస్టల్ టైమ్డ్ క్వాలిఫయర్ పెట్టాలంటే: మొదట్నుంచి చివరిదాకా

2024లో ప్యారిస్‌లో మనూ భాకర్ రెండు బ్రాంజులు కొట్టాక 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ అంటే ఏందో ఇంట్లో వాళ్లకి వేరేగా చెప్పబళ్లేదు. ఇప్పుడు అసలు సమస్య వేరే. చిన్న క్లబ్బు, ఎనిమిది లేన్లు, ముప్పై మంది షూటర్లు, వాళ్లలోంచి స్టేట్ మీట్‌కి ఎవర్ని పంపాలో తేల్చాలి. "వాడు ప్రాక్టీస్‌లో బాగా కొడతాడు" అని పంపితే మిగతా తల్లిదండ్రులు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. అందుకే టైమ్ పెట్టి, అందరికీ ఒకే రూలుతో ఒక క్వాలిఫయర్ పెట్టాలి. నేను చూసినంతలో గొడవంతా వచ్చేది రెండు చోట్ల, ఒకటి టైమ్, రెండు కార్డు లెక్క, అంటే టార్గెట్ కాగితం మీద స్కోరు. ఈ రెండిటి గురించి ముందే కాగితం మీద రాసి గోడకి అంటిస్తే మిగతాదంతా కుర్చీలు, టిఫిన్లు, కరెంటు లాంటి మామూలు పనే.

నెల్లూరు, కావలి, ఒంగోలు లాంటి ఊళ్లలో ఎలక్ట్రానిక్ టార్గెట్లు లేని క్లబ్బుల కోసం రాస్తున్నా, అంటే పేపర్ కార్డులు, ఆ కార్డుల్ని లేన్ చివరికి పంపి వెనక్కి తెప్పించే, చేత్తో తిప్పే ట్రాలీలు ఉన్నోళ్లకి.

ముందు ఫార్మాట్ తేల్చుకోండి

ఇంటర్నేషనల్ మ్యాచ్ అంటే 60 షాట్లు. దానికి ముందు 15 నిమిషాలు ప్రిపరేషన్ అండ్ సైటింగ్ (అంటే సర్దుకుని, లెక్కలోకి రాని షాట్లతో గురి సరిచేసుకోవడం), ఆ తర్వాత ఎలక్ట్రానిక్ టార్గెట్లకి 75 నిమిషాలు, పేపర్ టార్గెట్లకి 90 నిమిషాలు. 2018 నుంచి ఆడా మగా ఇద్దరికీ 60 షాట్లే. ఇదంతా ఒక్కరోజులో ఎనిమిది లేన్ల మీద చెయ్యాలంటే కష్టం, ఎందుకంటే డిటైల్‌కి (ఒకేసారి లైన్ మీద కాల్చే బ్యాచ్) మారే టైముతో కలిపి రెండుగంటల పైన పోద్ది, మూడు డిటైల్స్ అయ్యేసరికి అందరూ వాడిపోతారు.

అందుకని నా సలహా 40 షాట్లు, 60 నిమిషాలు. ఇది గాల్లోంచి తెచ్చిన లెక్క కాదు, 2018కి ముందు ఆడవాళ్ల మ్యాచ్‌కి పేపర్ టార్గెట్ల మీద ఇదే. దీనికి 15 నిమిషాల సైటింగ్, 20 నిమిషాలు మారడానికి కలిపితే డిటైల్‌కి 95 నిమిషాలు. ఉదయం ఏడున్నరకి మొదలుపెడితే రెండోది 9.05కి, మూడోది 10.40కి, అది 11.55కి అయిపోతుంది. భోజనం అయ్యాక ఒంటిగంటకి నాలుగోది, 2.15కి ముగింపు. ఎనిమిది లేన్లు నాలుగు డిటైల్స్, మొత్తం 32 మంది. అంతకు మించి ఎంట్రీలు వస్తే రెండో రోజు పెట్టుకోండి గానీ మారే టైములో కోత పెట్టొద్దు, హడావుడిగా మారేటప్పుడే గన్ ఎటో తిరుగుద్ది.

రెండో భాగం, ఒత్తిడిలో చెయ్యి ఎట్టా నిలబడుద్దో చూసేది. 40 షాట్ల తర్వాత టాప్ 8 మందికి ఐదు షాట్ల సిరీస్ 250 సెకన్లలో, ఆ తర్వాత ఒక్కో షాట్‌కి 50 సెకన్ల చొప్పున ఐదు షాట్లు. ప్యారిస్ ఫైనల్స్‌లో వాడిన టైములే ఇవి, అక్కడ మొత్తం 24 షాట్లు ఉంటాయి, మనకి పది చాలు. మొదటి భాగం 400, రెండో భాగం 100, మొత్తం 500కి. రైఫిల్‌కి వేరు, పిస్టల్‌కి వేరు లిస్టు. పెద్ద మ్యాచుల్లో రైఫిల్‌కి డెసిమల్ స్కోరింగ్ ఉంటుంది, అంటే ఒక షాట్‌కి 10.9 దాకా, కానీ పేపర్ కార్డు మీద కంటితో డెసిమల్ వేస్తామంటే కొట్లాటకి పిలిచినట్టే, కాబట్టి నిండు అంకెలే వెయ్యండి.

కటాఫ్ కూడా ముందే చెప్పేయాలి. గత కొన్ని ప్రాక్టీస్ మ్యాచుల స్కోర్లు ముందేసుకుని, స్టేట్ సర్క్యులర్‌లో మినిమమ్ క్వాలిఫయింగ్ స్కోర్ ఏముందో పక్కన పెట్టుకుని, రెంటికీ మధ్యలో ఒక నంబరు పెట్టండి. స్కోర్లు వచ్చాక కటాఫ్ చెప్తే అది ఎవరికోసమో పెట్టినట్టే కనపడుద్ది, నిజంగా కాకపోయినా.

చట్టం, తేదీ, హాలు

ఆర్మ్స్ రూల్స్ 2016 ప్రకారం 4.5 ఎంఎం బోరు, 20 జౌల్స్ లోపు ఎనర్జీ ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ గన్లు దీనికి చాలా కిందే ఉంటాయి, 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకి 170 మీటర్ల వేగంతో వెళితే సుమారు 7.7 జౌల్స్. గొడవ వచ్చేది ఎవరో ఒకరు రొయ్యల గుంటల మీద కొంగల్ని బెదరగొట్టడానికి కొన్న స్ప్రింగ్ గన్ పట్టుకుని "నేనూ ఎంట్రీ ఇస్తా" అని వస్తే. దానికి బోరు ఎంతో, బిల్లు ఉందో లేదో చూడకుండా లేన్ మీదకి రానివ్వొద్దు. ఎంట్రీ ఫారంలోనే గన్ మోడల్, సీరియల్ నంబరు రాయించుకోండి.

లైసెన్సు అక్కర్లేకపోయినా మీ స్టేషన్‌లో ఒక లెటర్ ఇచ్చి రిసీవ్డ్ ముద్ర వేయించుకోండి. తేదీ, హాలు పేరు, ఎయిర్ గన్లు మాత్రమే అని స్పష్టంగా రాయండి. గన్ కేసులు మోసుకుంటూ ముప్పైమంది ఒకే చోటకి వస్తుంటే పక్కింటోళ్లు ఫోన్ చేస్తారు, అప్పుడు ఆ లెటర్ పనికొస్తుంది. మైనర్లకి తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి.

తేదీ విషయానికొస్తే రోహిణి కార్తెలో పెట్టొద్దు, జాకెట్ వేసుకున్న రైఫిల్ పిల్లలు ఆ ఎండలకి తట్టుకోలేరు. అక్టోబరు, నవంబరు అంటే మనకి వానలు, వాయుగుండాలు, కావలి నుంచి ఒంగోలు నుంచి రావాల్సినోళ్లు దార్లో ఇరుక్కుంటారు. ఆషాఢమో మూఢమో చూసుకోండి. పెళ్లిళ్లు ఉండవు కాబట్టి కల్యాణ మండపాలు ఖాళీ, రేటు కూడా తగ్గిస్తారు, స్టేట్ మీట్ ముందు టైము కూడా కలిసొస్తుంది.

సొంత రేంజ్ లేనోళ్లకి మండపం మంచిదే. లేన్‌కి కనీసం ఒక మీటరు వెడల్పు, ఎనిమిదికి పక్కల ఖాళీతో కలిపి పది మీటర్లు. పొడుగు 10 మీటర్లు షూటింగ్, వెనక షూటర్‌కి రెండు, ఆర్‌ఓ (రేంజ్ ఆఫీసర్, లైన్ నడిపే మనిషి) నడవడానికి ఒకటి, కుర్చీలకి రెండు, టార్గెట్ల వెనక ఒకటి, మొత్తం 16 మీటర్లు కావాలి.

టార్గెట్లు స్టేజి వైపు పెట్టండి. ఇక్కడ ఒకటి గట్టిగా చూసుకోవాలి. మన మండపాల్లో స్టేజికి అటూ ఇటూ పెళ్లికూతురు గది, పెళ్లికొడుకు గది ఉంటాయి, వాటి తలుపులు తిన్నగా స్టేజి మీదకే తెరుచుకుంటాయి, అంటే మన టార్గెట్ల పక్కకే. వాచ్‌మన్ చీపురు కోసమో, వంటాయన గిన్నెల కోసమో ఆ గదిలోకి వెనక దారిన వెళ్లి ఇటు తలుపు తీశాడంటే నేరుగా పెల్లెట్ల దారిలోకి వచ్చేస్తాడు. ముందురోజు రాత్రే రెండు తలుపులకీ మన తాళం వెయ్యండి, మండపం వాళ్ల తాళం కాదు, తాళంచెవి చీఫ్ ఆర్‌ఓ జేబులో ఉండాలి. వెనక దారి దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టండి. షూటింగ్ లైన్ ముందు ఏ తలుపు ఉన్నా ఇదే రూలు.

లేన్లు వెయ్యడం

ఫైరింగ్ లైన్ నుంచి టార్గెట్ ముఖానికి 10.00 మీటర్లు, తేడా 5 సెంటీమీటర్ల లోపు. టేపు వదులుగా పట్టుకుంటే ఆ ఐదు సెంటీమీటర్లు ఎటో పోతాయి, ఇద్దరు లాగి పట్టుకుని ప్రతి లేన్‌కి కొలవండి. టార్గెట్ మధ్య బిందువు ఎత్తు 1.40 మీటర్లు, ఇది కూడా ఐదు సెంటీమీటర్లు అటూ ఇటూ. ఈ ఎత్తు షూటర్ నిలబడే నేల నుంచి కొలవాలి. స్టేజి రెండడుగుల ఎత్తు ఉంటే స్టేజి మీద నుంచి 1.40 కొలిచారంటే అందరూ పైకి కాల్చాల్సి వస్తుంది. మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు తెచ్చుకోండి. ఒక చివర ఫైరింగ్ లైన్ దగ్గర కర్రకి 1.40 గుర్తుకి పట్టి, రెండో చివర టార్గెట్ స్టాండ్ దగ్గర నీళ్లు ఎక్కడ నిలబడ్డాయో పెన్సిల్‌తో గీస్తే సరి, ఎనిమిది లేన్లకీ అరగంట పని.

ప్రతి టార్గెట్ వెనక ఇనుప పెల్లెట్ ట్రాప్, దాని వెనక మొత్తం వెడల్పుకి 18 ఎంఎం ప్లైవుడ్, దానికి ముందు దళసరి రబ్బరు మ్యాట్ వేలాడదియ్యండి. గోడ ఉంది కదా అని వదిలేస్తే సిమెంటుకి తగిలిన పెల్లెట్ వెనక్కి వస్తుంది. లైన్ మీద ఉన్న ప్రతి ఒక్కరికీ కళ్లద్దాలు.

లైటింగ్‌కి రూలు ప్రకారం టార్గెట్ మీద 1500 లక్స్, హాలులో 500. ఫోన్‌లో లక్స్ యాప్ పెట్టి చూసుకుంటే సుమారుగా తెలుస్తుంది. మండపం షాండ్లియర్ల వెలుతురు చాలదు, ఎల్‌ఈడీ ఫోకస్ లైట్లు కింద నుంచో పై నుంచో కార్డుల మీదకే పడేటట్టు పెట్టండి, షూటర్ కళ్లలోకి కొట్టకూడదు. అన్ని లేన్లకీ ఒకే వెలుతురు ఉండాలి, మూడో లేన్ చీకటి, ఏడో లేన్ పట్టపగలు అయితే లేన్ల డ్రా తీసిన దగ్గర్నుంచే ఏడుపు మొదలు. స్టేజి మీద ఫ్యాన్లు ఆపేయండి, కార్డులు ఊగుతాయి.

కార్డులు

ఇది బోరు పని, కానీ రిజల్ట్ మొత్తం దీని మీదే ఉంది. రైఫిల్ కార్డులో పది అంటే 0.5 ఎంఎం చుక్క, తొమ్మిది రింగు 5.5 ఎంఎం. అందులో ఒకే కార్డు మీద ఐదు షాట్లు కొట్టిస్తే రంధ్రాలన్నీ కలిసిపోయి ఏది ఎన్నో దేవుడికే తెలియాలి. రైఫిల్‌కి కార్డుకి ఒక్క షాటే. పిస్టల్‌లో పది రింగు 11.5 ఎంఎం, కాస్త పెద్దది, అక్కడ కార్డుకి ఐదు షాట్లు పెట్టొచ్చు. లెక్క వెయ్యండి: రైఫిల్‌కి మనిషికి 40 మ్యాచ్ కార్డులు, 4 సైటర్లు (సైటింగ్ కార్డులు), పిస్టల్‌కి 8 మ్యాచ్, 2 సైటర్లు. 20 మంది రైఫిల్, 12 మంది పిస్టల్ అయితే 880, 120, అంటే వెయ్యి, పైన నూరు అదనంగా. టాప్ 8 రౌండ్‌కి వేరే కట్ట.

సైటర్ కార్డుకి కుడి పై మూలన నల్లటి అడ్డగీత ఉండాలి, మార్కర్‌తో గియ్యండి. ప్రతి మ్యాచ్ కార్డు వెనక డిటైల్, లేన్, కార్డు నంబరు రాయండి, 2-5-13 అంటే రెండో డిటైల్, ఐదో లేన్, పదమూడో కార్డు. ఈ రాత పని ముందురోజు రాత్రి పిల్లలకి అప్పజెప్పి టీ ఇప్పిస్తే అయిపోద్ది. షూటర్ పేరు మాత్రం రాయొద్దు, స్కోర్ వేసేవాళ్లకి అది ఎవరి కార్డో తెలియకపోవడమే మేలు.

మనుషులు

చీఫ్ రేంజ్ ఆఫీసర్ ఒకరు, నాలుగు లేన్లకి ఒక ఆర్‌ఓ చొప్పున ఇద్దరు, ఎక్విప్‌మెంట్ చెకింగ్‌కి ఒకరు, స్కోరింగ్‌కి ఇద్దరు, రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఒకరు. చీఫ్ ఆర్‌ఓగా తన పిల్లో, తన దగ్గర నేర్చుకునే పిల్లాడో ఆడే డిటైల్‌కి ఎవర్నీ పెట్టొద్దు. కోచ్ ఒక్కడే ఉన్న క్లబ్బు అయితే పక్క ఊరి క్లబ్బు నుంచి ఒకర్ని పిలవండి, రాను పోను ఖర్చు పెట్టుకుని భోజనం పెట్టండి, ఎప్పుడో మీరూ వాళ్లకి వెళ్తారు.

ఎక్విప్‌మెంట్ చెకింగ్‌లో రైఫిల్ బరువు 5.5 కేజీలు మించకూడదు, పిస్టల్ 1500 గ్రాములు మించకూడదు, పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు లాగాలి. ట్రిగ్గర్‌కి అసలైన టెస్ట్ వెయిట్ కొనుక్కోండి, కూరగాయల తక్కెడ రాళ్లతో వద్దు. ఎయిర్ సిలిండర్ మీద తయారీ తేదీ చూడండి, పదేళ్లు దాటితే పక్కన పెట్టెయ్యాల్సిందే, 200 బార్ ఒత్తిడి అంటే ఆషామాషీ కాదు. సిలిండర్లు నింపే పని హాలు బయట నీడలో, ఎండలో ఆపిన కారు డిక్కీలో సిలిండర్ వదిలెయ్యనివ్వొద్దు.

డిటైల్ నడపడం

గడియారం ఒక్కటే. చీఫ్ ఆర్‌ఓ చేతిలో స్టాప్‌వాచ్ అసలు టైము, లాప్‌టాప్ నుంచి టీవీ మీద కౌంట్‌డౌన్ చూపించేది షూటర్ల కోసం. రెండిటికీ తేడా వస్తే స్టాప్‌వాచ్‌దే మాట అని బ్రీఫింగ్‌లోనే చెప్పెయ్యండి. అన్నట్టు, బ్రీఫింగ్ తెలుగులోనే, కమాండ్లు మాత్రం ఇంగ్లీషులోనే ఇవ్వండి, స్టేట్ మీట్‌లో పిల్లోళ్లు అవే వింటారు కాబట్టి చెవి ఇక్కడే అలవాటు పడాలి.

షూటర్లని లైన్ మీదకి పిలిచాక గన్ కేసు విప్పడం, సేఫ్టీ ఫ్లాగ్ (గన్‌లో పెల్లెట్ లేదని చూపించడానికి బ్యారెల్‌లో దూర్చే రంగు దారం) పెట్టి ఉంచడం. "ప్రిపరేషన్ అండ్ సైటింగ్ టైమ్, స్టార్ట్" అన్నాకే ఫ్లాగ్ తీస్తారు. 15 నిమిషాలు సైటర్లు ఎన్నయినా కొట్టుకోవచ్చు. 30 సెకన్లు ఉండగా చెప్పండి, తర్వాత "ఎండ్ ఆఫ్ ప్రిపరేషన్ అండ్ సైటింగ్, స్టాప్". అక్కడ కాస్త ఆగి సైటర్ కార్డులు తీసి మ్యాచ్ కార్డులు పెట్టించాలి. పెద్ద రేంజుల్లో ఇది బటన్ నొక్కితే అయిపోయే పని, మనకి రెండు నిమిషాలు పడుద్ది, ఆ రెండు నిమిషాలూ గన్ బల్ల మీదే ఉండాలి, ఎవరూ గురి చూసుకోకూడదు. అందరూ అయ్యారని ఇద్దరు ఆర్‌ఓలు చెయ్యెత్తాక "మ్యాచ్ ఫైరింగ్, స్టార్ట్".

పది నిమిషాలు ఉందని ఒకసారి, ఐదు నిమిషాలు ఉందని ఒకసారి చెప్పాలి. మధ్యలో ఇంకేమీ మాట్లాడొద్దు, మైకు పట్టుకుంటే కామెంటరీ చెప్పాలనిపిస్తుంది కొంతమందికి. టైము అయ్యాక "స్టాప్", "అన్‌లోడ్". స్టాప్ తర్వాత పేలిన షాట్ మిస్ కిందే లెక్క. ఆర్‌ఓ ప్రతి గన్ చూసి ఫ్లాగ్ పెట్టాకే షూటర్ లైన్ వదలాలి.

కరెంటు గురించి. పోతుంది, పోదని అనుకోవద్దు. మండపం జనరేటర్ ఉన్నా అందుకోడానికి టైము పడుద్ది. లైట్లు పోయిన క్షణంలో "స్టాప్" చెప్పి స్టాప్‌వాచ్ ఆపి, ఎవరు ఎన్ని షాట్లు కొట్టారో ఆర్‌ఓలు రాసుకోవాలి. ఇంటర్నేషనల్ రూలే ఇక్కడా వాడండి: షూటర్ తప్పు లేకుండా మూడు నిమిషాలకి మించి ఆగితే పోయిన టైము తిరిగి ఇవ్వాలి, ఐదు నిమిషాలు మించితే దానిపైన ఇంకో ఐదు నిమిషాలు ఇచ్చి, సైటర్లు కొట్టుకోనివ్వాలి. అందుకే అదనపు సైటర్ కార్డులు దగ్గర పెట్టుకోమనేది. సొంత గన్ మొరాయిస్తే మాత్రం అదనపు టైము లేదు, బాగుచేసుకున్నా వేరే గన్ తెచ్చుకున్నా అదే 60 నిమిషాల్లో.

పక్క లేన్ కార్డు మీద కొడితే కొట్టినోడికి అది మిస్. ఆ కార్డు సొంతదారుడికి ఏది తన షాటో తేలకపోతే రెండిట్లో ఎక్కువ ఉన్నది ఇస్తారు. రంగు కార్డు చూపించి ఇచ్చే హెచ్చరికల్లో పసుపు వార్నింగ్, ఆకుపచ్చ రెండు పాయింట్ల కోత, ఎరుపు ఇంటికి. ఆకుపచ్చ చూపిస్తే బాగా ఆడావని మెచ్చుకున్నారనుకునే వాళ్లు ఉంటారు, బ్రీఫింగ్‌లో చెప్పండి. గన్ ఫైరింగ్ లైన్ నుంచి పక్కకి తిప్పితే మా దగ్గర నేరుగా ఎరుపే, అది పదేళ్ల పిల్లయినా, కమిటీ మెంబరయినా.

తల్లిదండ్రులు వెనక కుర్చీల్లో కూర్చోవచ్చు, ఫోన్లు సైలెంట్, ఫ్లాష్ ఫోటోలు వద్దు. "నిదానంగా కొట్టరా" అని వెనక నుంచి అరిచే నాన్నలు ప్రతి క్లబ్బులో ఇద్దరన్నా ఉంటారు, వాళ్లని టిఫిన్ల దగ్గర వాలంటీరుగా వేసెయ్యండి. టిఫిన్‌లో ఇడ్లీ, దోశ చాలు, బిరియానీ ఉంటే టాప్ 8 రౌండ్ అయ్యాక. పెల్లెట్లు సీసం కాబట్టి తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే, సబ్బు, నీళ్లు హాలు తలుపు దగ్గరే పెట్టండి.

టాప్ 8 రౌండ్

మధ్యాహ్నం మూడున్నరకి, ముందు రైఫిల్, తర్వాత పిస్టల్. లేన్లు ర్యాంకు వరసలో. ఐదు నిమిషాలు సైటింగ్, ఆ తర్వాత 250 సెకన్ల సిరీస్. సింగిల్ షాట్లకి కమాండ్ "ఫర్ ద నెక్స్ట్ కాంపిటిషన్ షాట్, లోడ్", ఐదు సెకన్లు ఆగి "స్టార్ట్". 50 సెకన్లు లేదా అందరూ కొట్టేసినప్పుడు, ఏది ముందయితే అది, "స్టాప్". ప్రతి సింగిల్ షాట్ తర్వాత ఫ్లాగులు పెట్టి కార్డులు తెప్పించి అక్కడికక్కడే స్కోర్ వేసి బోర్డు మీద రాయండి. కాస్త టైము తీసుకుంటుంది, కానీ 32 మందీ కుర్చీల్లో ముందుకి జరిగి చూసేది ఇదే. 40 షాట్లలో ముందున్నోళ్లు ఇక్కడ 45 సెకన్ల దాకా గన్ పట్టుకుని చెయ్యి వణికి ఎనిమిది కొట్టడం చూస్తాం, ఐదో ర్యాంకు అమ్మాయి 20 సెకన్లకే దించి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎత్తి పది కొట్టడం కూడా చూస్తాం. స్టేట్‌కి ఎవరు తట్టుకుంటారో ఈ పది షాట్లలో తెలుస్తుంది.

స్కోరింగ్, ప్రొటెస్టులు

స్కోరర్లు ఇద్దరూ విడివిడిగా వేసి తర్వాత కలుపుకోవాలి. పెల్లెట్ రంధ్రం పై రింగు గీతకి తగిలితే పై విలువే. తేడా ఉంటే గేజ్, అంటే రంధ్రంలో పెట్టి చూసే కొలత పరికరం. రైఫిల్ గేజ్, పిస్టల్ గేజ్ ఒకటి కాదు, రెండూ కొనండి. ఒక రంధ్రంలో గేజ్ ఒక్కసారే పెట్టాలి, రెండోసారి పెడితే కాగితం చిరిగి విలువ మారిపోతుంది, పెట్టేది కూడా చీఫ్ ఆర్‌ఓ ఒక్కరే. గేజ్ పెట్టిన కార్డు మీద సంతకం చెయ్యాలి.

టై అయితే పిస్టల్‌లో ఇన్నర్ టెన్స్ (పది రింగు లోపలి చిన్న రింగుకి తగిలిన పదులు) ఎక్కువున్నోళ్లు ముందు, అదీ సమానమైతే చివరి పది షాట్లు, ఆ ముందు పది అట్టా వెనక్కి. రైఫిల్‌లో చేత్తో ఇన్నర్ టెన్ తేల్చడం కష్టం కాబట్టి నేరుగా చివరి పది దగ్గర్నుంచే చూడమంటా. రిజల్ట్ అంటించిన టైము దాని మీదే రాసి, 20 నిమిషాలు ప్రొటెస్ట్ టైము ఇవ్వండి. ప్రొటెస్ట్‌కి చిన్న ఫీజు, గెలిస్తే తిరిగి ఇచ్చేటట్టు. రాతపూర్వకంగానే తీసుకోండి, వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడితే లెక్క కాదు.

20 నిమిషాలు అయ్యాక చీఫ్ ఆర్‌ఓ, స్కోరర్లు సంతకం పెట్టిన లిస్టు ఫోటో తీసి గ్రూపులో వెయ్యండి, ఒరిజినల్ ఫైల్లో. కార్డులు డిటైల్ వారీగా రబ్బరు బ్యాండ్లు వేసి స్టేట్ మీట్ ఎంట్రీలు ముగిసేదాకా దాచండి. మండపం అప్పజెప్పేముందు స్టేజి చీపురుతో ఊడ్చొద్దు, సీసం దుమ్ము లేస్తుంది, తడిగుడ్డతో తుడిపించి, ట్రాపుల్లో పెల్లెట్లు మూత ఉన్న డబ్బాలోకి ఎత్తండి. వారంలోపు సెలెక్ట్ అయినోళ్ల ఎంట్రీ ఫారాలు, ఫోటోలు, వయసు సర్టిఫికెట్లు, ఫీజు అసోసియేషన్‌కి చేరిపోవాలి, చివరి తేదీ ముందురోజు సర్వర్ మీద అందరూ పడతారు.